ఓడ దాణా తిన్న బర్రె

చిక్కడపల్లి సందులో ఆ ఇంటి చుట్టూ ఎటు చూసినా సిమెంటే. గడ్డిపోచ మొలిచే జాగా లేదు. అయినా వెనక రేకుల కొట్టంలో చంద్రి అనే బర్రె ఉంది, దాని మీద పంచప్రాణాలూ పెట్టుకున్న కొమురమ్మ ఉంది. ఒకప్పుడు ఆ కొట్టం నిండా బర్రెలుండేవి. మామగారి కాలంలో, దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగకు ఈ ఇంటి దున్నపోతు వెళ్తే గాని నారాయణగూడలో డప్పులు జోరందుకునేవి కావు. తర్వాత బర్రెలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. అమ్మిన పశువుకు ఇంటి తాడు ఇచ్చి పంపకూడదంటారు. అందుకని సందు మలుపు దాకా వెంట నడిచి, కొన్నవాళ్ల తాడు మెడకు వేశాక, ఒట్టి తాడు చేత పట్టుకొని తిరిగొచ్చేది కొమురమ్మే. ఆ తాళ్లన్నీ కొట్టంలో మేకుకు వేలాడుతున్నాయి. పారేయడానికి చేతులు రావు.

చంద్రికి చాలాకాలంగా సంచి దాణా అలవాటు. నల్లకుంట దుకాణంలో దొరికే గోలీల్లాంటి దాణా. ఈసారి దీపావళి దాటగానే అది ఆగిపోయింది. అందులో కలిపే సోయా పిండి పరాయి దేశం నుంచి ఓడలో రావాలట. ఆ ఓడ ఎక్కడో చిక్కుకుందట.

"ఓడ రాకుంటే నా బర్రె ఏం తినాలె?" అని కొమురమ్మ దుకాణం ముందు నిలబడి అడిగింది.

"నన్నడిగితే? సముద్రంల ఓడను నేనేమన్న పట్టుకున్ననా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

పైగదిలో కిరాయికుండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న జ్యోత్స్న ఈ సంగతి విని నవ్వింది. "కొన్ని దేశాలే గట్లున్నయ్ అవ్వా. తినే మాంసం బయటిదే, పశువులకు పెట్టే దాణా బయటిదే. నిన్ననే దానిమీద వ్యాసం రాసిన."

"మరి ఓడ ఆగితే?"

"పరేషానే. గందుకే సొంతంగ కొంతన్న పండించుకోవాలె, ఆపతికి ఇంత నిలువ పెట్టుకోవాలె అని రాసిన."

"నీ వ్యాసంల నా కొట్టం గూడ రాయి బిడ్డా. నాది గసొంటి దేశమే."

కొడుకు శ్రీశైలానికి మాత్రం నవ్వు రాలేదు. ఇబ్రహీంపట్నం అవతల ఊళ్లో అతని బామ్మర్దికి చెలకలున్నాయి, పచ్చగడ్డి ఉంది. "దాణా లేక ఇది బతకదమ్మా. కడుపు మాడ్చి సంపుతమా? ఆడికి తోలుదాం," అన్నాడు. తల్లి ముఖం చూసి కొంచెం తగ్గి, జొన్న చొప్ప తెచ్చి వేశాడు. "ఇది తింటే సరే. తినకుంటే బండి పిలుస్త."

చంద్రి చొప్పను వాసన చూసి మూతి తిప్పుకుంది.

బర్రె పస్తుంటే కొమురమ్మకు ముద్ద దిగదు. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకొని అశోక్‌నగర్ వెళ్లింది. ఆ గల్లీల నిండా హాస్టళ్లు, మెస్సులు. ఏదో పరీక్ష అయిపోయి పిల్లలు ఊళ్లకు పోయారు, ఒక మెస్సులో వండిన అన్నం వండినట్టే ఉంది. "తీస్కపో అక్కా, పారేసేదే," అన్నాడు వంటాయన. రెండు పెద్ద బకెట్ల నిండా ఆటోలో తెచ్చి తొట్టిలో పోసింది. చంద్రి ఆవురావురుమని తిని తొట్టి అడుగు కూడా నాకింది. ఆ పూట కొమురమ్మ కూడా తృప్తిగా తింది.

మర్నాడు పొద్దున చంద్రి లేవలేదు. నెమరు లేదు. చెవులు వేలాడేసింది. పేడ పలచగా పడి పుల్లటి కంపు కొడుతోంది.

"చెప్పిన్నా లేదా?" అన్నాడు శ్రీశైలం. "దాణా లేక నీరసపడ్డది. ఇగ ఆగేది లేదు." బామ్మర్దికి ఫోన్ చేసి బండి తెమ్మన్నాడు.

కోడలు మంజుల ఒప్పుకోలేదు. "గిట్లనే బండెక్కిస్తే తొవ్వలనే పానం పోతది. ముందు డాక్టరుకు చూపిద్దాం," అని పట్టుబట్టి నారాయణగూడ నుంచి పశువుల డాక్టరమ్మను పిలిపించింది.

డాక్టరమ్మ ఎడమ డొక్కను పిడికిలితో నొక్కింది. పిసికిన పిండిలో దిగినట్టు గుంట పడింది. "ఏం పెట్టిండ్రు?" అని అడిగింది.

"చొప్పేసినం మేడం. ముట్టలే. ఉపాసమున్నది," అన్నాడు శ్రీశైలం.

"ఉపాసమున్న కడుపు గిట్లుంటదా? సరిగ యాది చేసుకోండ్రి. నీరసమైతే ఒక మందు, తిన్నది పడకపోతే ఇంకో మందు. తప్పు మందు పోస్తే పానం మీదికొస్తది."

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెబితే కొడుకు ఇక బర్రెను తన చేతికి వదలడు, ఊరికి తోలేస్తాడు. చెప్పకపోతే? మేకుకున్న తాళ్ల వైపు చూసింది. అవన్నీ నడుచుకుంటూ వెళ్లిన బర్రెలవి. ఎక్కడో ఒకచోట మేస్తున్నాయిలే అని మనసుకు చెప్పుకోవడానికి ఉండేది. ఇది చచ్చిపోతే ఆ మాట కూడా ఉండదు.

"అన్నం పెట్టిన," అంది. "అశోక్‌నగర్ మెస్సుల తెచ్చి. రెండు బకెట్లు."

శ్రీశైలం నోరు తెరిచాడు. "బర్రెకు బువ్వనా? పప్పు, పెరుగు గూడ వడ్డించినవా అమ్మా?"

"తిట్టేది తర్వాత తిట్టుకోండ్రి. ముందు తినే సోడా తెండ్రి, ఎక్కువ తెండ్రి," అంది డాక్టరమ్మ. ఆమె ముఖం తేటపడింది. "మంచిగ చెప్పిండ్రమ్మా. అన్నం కడుపుల పులిసింది. గంతే. జల్దీ చూసినం కాబట్టి తగ్గుతది."

సోడా నీళ్లు గొట్టంతో తాగించారు. సూది వేసి, సెలైన్ పెట్టారు. మంజుల డొక్క రుద్దుతూ కూర్చుంది. కొమురమ్మ కొమురెల్లి మల్లన్నతో మొదలుపెట్టి తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది.

మధ్యాహ్నం దాటాక బండి వచ్చి సందు మొదట్లో హారన్ కొట్టింది. అప్పుడే చంద్రి పెద్దగా త్రేన్చింది. ఇంకోసారి త్రేన్చింది. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు కూడదీసుకొని నిలబడింది. కాసేపటికి దవడ అటూ ఇటూ నిదానంగా కదలసాగింది.

"మరి సంచి దాణా లేకుంటే బతుకుతదా మేడం?" అని అడిగాడు శ్రీశైలం.

"ఎందుకు బతకదు? దీనికి దాణా లేక జబ్బు రాలే, అన్నం ఎక్కువై వచ్చింది. ఇయ్యాల ఎండు చొప్ప తప్ప ఏం వద్దు. తర్వాత పత్తి చెక్క, తవుడు మెల్లమెల్లగ అలవాటు చేయుండ్రి."

"చొప్ప ముట్టదు కద మేడం!"

"ఆకలైతే ముడుతది. మీ అమ్మ దానికి ఆకలి కానిచ్చిందా?"

శ్రీశైలం తల్లి వైపు చూశాడు. కొమురమ్మ తల దించుకుంది. అతను బండి దగ్గరకు నడిచాడు. ఏం చెబుతాడోనని ఆమె గడప దాకా వచ్చి చెవులు రిక్కించింది.

"ఉత్తగ పిలిచిన బామ్మర్దీ. బర్రె ఎటూ పోతలేదు. లోపలికి రా, అన్నం తినిపో. మా ఇంట్ల బర్రెలకే బువ్వ పెడుతరు, నీకు పెట్టరా?"

"మరి బండి ఖాళీగ తీస్కపోవాలెనా?"

"పో. ఎల్లుండి చొప్ప మోపులు నింపుకొని రా. కొట్టంల రేకుల కింద పేర్చుకుంటం."

కొమురమ్మ గడపలోనే చతికిలబడింది. నవ్వు రాబోయి ఏడుపైంది, ఏడుపు మళ్లీ నవ్వైంది. పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. మంజుల కంచాలు పెట్టేసరికి అందరికంటే ముందు తనే వెళ్లి కూర్చుంది. మామిడికాయ తొక్కు కలుపుకొని, కొట్టం కనబడే వైపుకు తిరిగి, ముద్ద ముద్దకూ అటు చూస్తూ తింది.