పట్టా మోగిన చౌకీ

జంషెడ్‌పూర్ సీతారాండేరాలో మాకు ఇల్లుంది, నీడుంది. అయినా నా పెనిమిటి, మా మావ ఆదిబాబు కాళ్లు కొండమీది పాత అడివి చౌకీకే లాగుతాయి. ఫారెస్ట్ వాచరుగా చేసి రిటైరయ్యాడు. మతి పోయింది గానీ డూటీ మాత్రం మర్సిపోడు. పొద్దున్న నాను కుళాయి కాడికెల్లొచ్చీసరికి మనిసి లేడు. ఆటోవోడొకడు కొండ మొదట్లో దింపీసానన్నాడు. ముసలోణ్ని అడివిలో దింపీసొచ్చినోణ్ని ఏటనాల? తిట్టడానికి తీరిక లేక కొడుకు అమర్‌ని లాక్కుని కొండెక్కాను.

కింద గేటుకాడ గార్డు ఆపాడు. పైన ఏనుగుల గుంపు తిరుగుతోందంట.

"మీ బాబైతే నువ్వాగుతావేటి?" అనీసి ఎల్లిపోయాను.

ఆ చౌకీ గురించి నన్నడగండి. తెల్లోళ్ల కాలంలో కట్టిన రాతి గది. శ్రీకాకుళం నుంచి పనికొచ్చిన మా మావగారు అప్పన్న అందులో కాపలా ఉన్నాడు, ఆయన ఎనక మా మావ. పెళ్లైన కొత్తలో నన్నూ అక్కడే పెట్టాడు. ఉప్పు కావాలన్నా కొండ దిగాల. బియ్యం వాసనకి ఏనుగులొచ్చి గోడ పడగొట్టీసీవి, మళ్లీ కట్టుకునీవోళ్లం. తర్వాత కింద కొత్త ఆఫీసు కట్టి, దీన్ని గబ్బిలాలకి ఒదిలీసారు.

గుమ్మంలో మావ సెప్పులున్నాయి. మనిసి లేడు. అమర్‌ని చౌకీ కాడే ఉండమని, నాను దారెంట పిలుత్తూ కిందకి దిగాను. ఈయనికేటన్నా అయితే నానెలా బతకాలని ఏడుపొచ్చీసింది.

అంతలో చౌకీలో రైలు పట్టా మోగింది. దూలానికి ఏలాడే ముక్క అది, టాటానగర్ యార్డు నుంచి మావగారు మోయించుకొచ్చింది. వాళ్ల నాన్న ఇంటాడని అమర్ కొడుతున్నాడు. ఇంటాడు, అదే నా బయం. ఆ రోజుల్లో ఏనుగులు మీదికొత్తే నాను తలుపేసుకుని ఆ పట్టా వాయించీదాన్ని. మావ దారొదిలీసి, ఎనకున్న లోయలోంచి రాళ్లట్టుకుని ఎక్కొచ్చి నన్ను దించీవోడు. ఊళ్లో పెరిగిన అమర్‌కి ఇదేటి తెలుసు?

"ఆపరా, కొట్టకు" అని అరుత్తూ పరిగెత్తాను.

"మా, పాపా కీ ఆవాజ్ ఆయీ" అన్నాడు అమర్, నాన్న గొంతు ఇనబడిందని మొహమంతా సంతోసంతో. ఇంకా గట్టిగా కొట్టాడు. సుత్తి లాగీసాను.

లోయలోంచి మావ గొంతు. "ఒలే తవిటమ్మా, తలుపు తియ్యకు. నానొత్తన్నాను."

అంచుకెల్లి బోర్లా పడుకుని సూసాను. రాళ్ల మజ్జన సగం దూరం ఎక్కీసాడు, సందులో మొలిసిన సెట్టు కొమ్మ పట్టుకుని. కాళ్ల కింద ఆనుకోడానికి ఏటీ లేదు. ఒంటి సేత్తో ఏలాడుతున్నాడు. ఎనక అమర్ తాడు కోసం గదంతా ఎతుకుతున్నాడు.

"మావా, ఏనుగుల్లేవు. కదలకు, అలాగే ఉండు" అన్నాను.

తలెత్తి నన్ను సూసాడు. బయటికొచ్చీసానని కోపమొచ్చినట్టుంది. లోపలికి పో, తలుపేసుకో అని సెయ్యూపాడు. కొమ్మ పట్టుకున్న సెయ్యే ఊపాడు.