పసుపు కార్డు

పద్నాలుగేళ్లు ఆ గేటు దగ్గర కూర్చున్నాను. పోదనూరు రైల్వే కాలనీ వెనక ఉన్న చిన్న బడి అది, ఐదో తరగతి దాకా. మూడున్నరకు గంట కొడితే పిల్లలు నా వెనక బెంచీల మీద కూర్చోవాలి. తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు పసుపు కార్డు చూపాలి. కార్డు మీది ఫోటో, ఎదురుగా ఉన్న మొహం ఒకటేనా అని చూసి నేను గొళ్లెం తీయాలి. కార్డు లేదంటే పిల్ల లేదు. దేవుడే దిగొచ్చినా కార్డేదయ్యా అని అడిగే రకాన్ని. నా నోటికి జడిసి సగం మంది కార్డు మెడలో వేసుకునే వచ్చేవాళ్లు.

పెరియసామి అని ఒక ముసలాయన మనవణ్ణి తీసుకుపోవడానికి రోజూ వచ్చేవాడు. నాలుగేళ్లుగా ఎరిగిన మనిషి. ఒకరోజు కార్డు మరిచిపోయాడు. బతిమాలాడు, తమిళంలో తిట్టిపోశాడు, చివరికి మార్చి ఎండలో ఇంటిదాకా నడిచిపోయి తెచ్చుకున్నాడు. చెమటలు కారుతున్న ఆ మొహం చూసి నేను లోపల మురిసిపోయాను. ఎంత పొగరు నాకు!

ఈ ఊళ్లో మాకు బడిలో తమిళం, బస్సులో తమిళం, కొట్లో తమిళం. ఇంట్లో మాత్రం మన మాట. అందుకే బయట ఎక్కడైనా ఒక మనిషి నోట మన మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది. వెంటనే ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు తెలిస్తే వరస తెలుస్తుంది. వరస తెలిస్తే అత్తో మామో అక్కో, పిలుపు దానంతటదే వస్తుంది. ఇక వాళ్లు పరాయివాళ్లు కారు. వరసలు కట్టడంలో మా వీధిలో నన్ను మించినవాళ్లు లేరు. పెళ్లి మాటలకు ముందు నన్ను పిలిచి, ఈ సంబంధం కూడుతుందా రంగనాయకీ అని అడిగేవాళ్లు.

ఇలక్కియ జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. తల్లి దర్శిని తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపులో పని చేస్తుంది. మొగుడు వినోత్ తాగొచ్చి కొడుతుంటే పడలేక పిల్లను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. బడిలో చేర్పించిన రోజే హెడ్‌మిస్ట్రెస్ రుక్మణి టీచర్‌కు కాగితం రాసిచ్చింది. తను గానీ, తన తల్లి తాయమ్మాళ్ గానీ తప్ప ఎవరొచ్చినా పిల్లను పంపొద్దని. ఆ తరవాత నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తా, వాడు వొస్తాడు. కండిప్పా వొస్తాడు, రాకుండా ఉండడు. నీ మీద నమ్మకంతోనే పనికి పోతా ఉండాను."

"నేనుండంగా వాని నీడ గూడా ఈ గేటు దాటదు. పోమ్మా, దిగులు పడకుండా నిమ్మతిగా పో," అన్నాను.

వాడి మొహం నేనెన్నడూ చూడలేదు. ఒక ఫోటో ఇమ్మని అడగాలని కూడా నాకు తోచలేదు.

పిల్లను మాత్రం మొదటి రోజే అడిగేశాను. "ఏ ఇంటోళ్లే మీరు?"

"మద్దెలోళ్లం అవ్వా," అంది, ముందు పళ్లు రెండూ లేని నోటితో.

నేను పుట్టింది ఆ మద్దెలవాళ్లింట్లోనే. ఇంకేముంది, నా తమ్ముడి మనవరాలే అన్నంత సంబరం నాకు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం నా కుర్చీకి ఆనుకుని కూర్చునేది. గేటు దగ్గర ఎవరి తల కనబడినా నాకంటే ముందు తనే అరిచేది, "కార్డు ఉండాదా?" అని. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

అక్టోబరులో ఒక మంగళవారం సరిగ్గా బడి విడిచే వేళకు వాన దంచింది. గొడుగులు, హారన్లు, ఏడ్చే పిల్లలు, అరిచే తల్లులు. ఆ సందట్లో ముప్పై ఏళ్లవాడొకడు తడిసి ముద్దై వచ్చి గేటు ఊచలు పట్టుకున్నాడు.

"అత్తా, ఇలక్కియాని పంపు. నేను దాని మేనమామని. అక్క చెయ్యి మిషన్‌లో పడిపోయింది. ఆస్పత్రిలో ఉండాది. అమ్మ గూడా ఆడనే ఉండాది."

మన మాట. అచ్చంగా మన ఇంటి మాట.

"కార్డేది?" అన్నాను, అలవాటు కొద్దీ.

"అక్క సంచిలో ఉండాది అత్తా. నెత్తురు కారతా ఉంటే కార్డు ఎవురు వెతుకుతారు?"

అప్పుడు మళ్లీ అడిగాను. ఈసారి కార్డు కాదు. "ఏ ఇంటోళ్లు మీరు?"

"మద్దెలోళ్లం."

అయ్యో, నా పుట్టింటివాడు! వాడు అత్తా అని పిలిచిందీ కుదిరింది, పిల్ల చెప్పిన ఇంటిపేరూ వాడు చెప్పిందీ ఒకటే. ఇంకేం కావాలి? సొంత అన్న కొడుకును వానలో నిలబెట్టి కాగితం చూపమంటే రేపు పుట్టింటి వీధిలో తలెత్తుకోగలనా? గొళ్లెం తీశాను.

ఇలక్కియ కదల్లేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా చీర కుచ్చెళ్లు గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయింది. ఉరుములకు జడిసిందనుకున్నాను. "పో తంగం, నా బంగారూ, మామ గదా. అమ్మ కాడికి పో," అంటూ ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటీ నేనే విడదీశాను. నేనే. వాడు పిల్లను బండి ముందర కూర్చోబెట్టుకున్నాడు. తల తడుస్తుందని నా గొడుగు కూడా ఇచ్చి పంపాను.

నాలుగు గంటలకు తాయమ్మాళ్ వచ్చింది. చేతిలో పసుపు కార్డు.

"పిల్ల యాడ, రంగనాయకీ?"

"నీ కొడుకు తీసుకోనిపోయినాడే? దర్శినికి దెబ్బ తగిలిందని..."

"నాకి కొడుకు యాడుండాడు? దర్శిని ఒక్కతే గదా."

"మద్దెలోళ్లం అన్నాడు," అన్నాను. ఆ మాట నా చెవికే ఎలాగో వినిపించింది.

తాయమ్మాళ్ బెంచీ మీద కూలబడింది. "మద్దెలోళ్లు దాని నాయిన. మేము సింగమోళ్లం. మేనమామకీ పిల్లకీ ఒకే ఇంటిపేరు ఎట్ల ఉంటాది? ఊరందరికీ వరసలు చెప్తావే, ఇది నీకి తెలీదా?"

తెలియకేం! పిల్లకు తండ్రి ఇంటిపేరు, మేనమామకు తల్లి పుట్టింటిపేరు. మా వీధిలో పలకపట్టే పిల్లను అడిగినా చెబుతుంది. ఆ వినోత్ నాకు నిజంగానే మేనల్లుడి వరస. అన్ని అబద్ధాల మధ్య వాడు చెప్పిన ఒకే ఒక నిజం ఆ ఇంటిపేరు. దాన్ని విని వాణ్ణి పట్టుకోవాల్సిన దాన్ని, దాన్ని విని గేటు తీశాను. నిజమైన తాతను ఎండలో నడిపించిన ముండను, దొంగ మామకు గొడుగిచ్చి పంపాను.

పదకొండు రోజులు. దర్శిని వస్తే గాని పిల్లను ఇవ్వనని వాడు ఫోన్లు చేశాడు. చివరికి ఉడుమలైపేట అవతల కొబ్బరి పీచు మిల్లు షెడ్డులో పోలీసులకు దొరికింది. ఒక చెవి తమ్మె చీలిపోయి ఉంది. తాగడానికి కమ్మలు లాక్కున్నాడట. వాణ్ణి జైల్లో పెట్టారు. రుక్మణి టీచర్ అడగకముందే తాళాలు ఆమె బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆమె తిట్టలేదు. చెడామడా తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేదేమో.

నెల పోయాక ఒక ఆదివారం పొద్దున, పిల్లకు ఇష్టమని పొట్లంలో తేన్‌మిఠాయి కట్టించుకుని వాళ్లింటికి వెళ్లాను. ముందు వాకిలికి కొత్తగా ఇనప గ్రిల్లు పెట్టించారు. లోపల నేల మీద కూర్చుని ఇలక్కియ బొమ్మకు జడ వేస్తోంది. చెవికి ఇంకా పట్టీ ఉంది.

"నేనేనే, అవ్వని," అన్నాను.

బొమ్మను వదిలేసి గోడకు అంటుకుపోయింది. లోపల్నుంచి తాయమ్మాళ్ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి అలసిన గొంతుతో అంది, "తమిళంలో మాట్లాడు రంగనాయకీ. బయట ఎవురైనా మన మాట మాట్లాడితే అది వణికిపోతా ఉండాది."

కాసేపటికి ఆ పిల్లే లేచింది. తాయమ్మాళ్ కొంగు ఒక చేత్తో పట్టుకుని గ్రిల్లు దాకా వచ్చి, రెండో చేత్తో గొళ్లెం సరిగా పడిందో లేదో తడిమి చూసింది. అప్పుడు నా మొహంలోకి చూసి తమిళంలో అడిగింది.

"కార్డు ఇరుక్కా?"

"ఇల్లె, తంగం," అన్నాను. నా దగ్గర కార్డు లేదు.

అయితే తెరవనన్నట్టు తల అడ్డంగా ఊపింది. సరిగ్గా చేసింది నా తల్లి. కళ్లు తుడుచుకుని మెట్లు దిగాను. మిఠాయి పొట్లం అక్కడ పెడదామనుకుని మళ్లీ చేతిలోనే పట్టుకుని వచ్చేశాను. పరాయివాళ్లు ఇచ్చింది తినొద్దని బడి బెంచీ మీద కూర్చోబెట్టి దానికి చెప్పింది నేనే.