ఇంట్లో ఎవరూ లేరు

ట్రాక్టర్ కాలనీలోకి వచ్చేసరికి పొద్దున తొమ్మిదైంది. ముందు రోజు నుంచీ వాన ఎడతెరిపి లేకుండా కురుస్తూనే ఉంది. కోదాడ అవతల వాగు పక్కన నలభై ఇళ్లు. వాగు పొంగితే మొదట మునిగేవి అవే. తుఫాను తీరం దాటిందని, సాయంత్రానికి కట్ట నిలవదని, అందరూ హైస్కూలుకు రావాలని మైకులో చెబుతుంటే కృపారాణి గుమ్మంలో నిలబడి వింది.

ఆమెకు పోవాలనే ఉంది. ఏడేళ్ల కూతురు దీవెనకు మూడు రోజులుగా జ్వరం. కానీ లోపల మంచం మీద అత్త ఈదమ్మ ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి నాలుగేళ్లు. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"అత్తా, ట్రాక్టరొచ్చింది. నలుగుర్ని పిలిచి మంచంతోనే ఎక్కిస్త, పోదాం."

"నేను రాను. పోయినసారి గిట్లనే ఉరికిన్రు. వాగు రాలె, ఏం రాలె. వచ్చేసరికి పొయ్యి, సిలిండరు ఎవడో ఎత్కపోయిండు."

అది నిజమే. కృపారాణి మొగుడికి ఫోన్ చేసింది. చంద్రు మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ. తెల్లవారుజామునే బయల్దేరాడు గానీ నేరేడుచర్ల దగ్గర రోడ్డు మీద నీళ్లు పారుతుంటే అక్కడే ఆగిపోయాడు.

"అమ్మ రానంటే నువ్వు సుత ఉండు," అన్నాడు.

"పిల్లకు జరం. నీళ్లొస్తే ఇద్దర్నెట్ల మొయ్యాలె?"

"రావు. ఊకె పరేషాన్ చెయ్యకు. అమ్మకేమన్న అయితే మాత్రం నీ మొకం సూడ."

మొదటి ట్రాక్టర్ వెళ్లిపోయింది. కృపారాణి వానలోనే నాలుగిళ్లు తిరిగింది. ఈదమ్మ పేరు వినగానే అందరూ ముఖం తిప్పుకున్నారు. ఆమె తిట్టు తినని ఇల్లు ఆ వీధిలో లేదు. ఎదురింటి ధర్మేందర్ ఒక్కడే వచ్చాడు. మేకల్ని డాబా మీదికి తోలుకుని అక్కడే ఉండిపోదామనుకున్న మనిషి. మంచం పట్టె మీద చెయ్యి వేశాడో లేదో, ఈదమ్మ కుడిచేత్తో అతని మొహాన ఒక్కటిచ్చింది.

"పెద్దమ్మ ఒప్పుకుంటే చెప్పు వదినా, వస్త," అని చెంప తడుముకుంటూ పోయాడు.

పదకొండింటికి ట్రాక్టర్ మళ్లీ వచ్చింది. అప్పటికే వీధిలో చీలమండ దాకా నీళ్లు. ఇదే ఆఖరు ట్రిప్పని డ్రైవర్ అరిచాడు. పిల్లను చంకనేసుకుని కృపారాణి ఇంకోసారి బతిమాలింది.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత."

ఈదమ్మ ఆమె వంక తీరిగ్గా చూసింది. "ఒకన్ని సంపినవ్. ఇగ నన్ను సంపు. నీకలవాటే గదా."

కృపారాణి మొదటి బిడ్డ, మగపిల్లవాడు, పదకొండో నెలలో జ్వరమొచ్చి పోయాడు. తల్లి సరిగ్గా చూసుకోకనే పోయాడని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉంది ఈదమ్మ. కృపారాణి నీళ్ల సీసా, బిస్కెట్ ప్యాకెట్ అత్త కుడిచేతికి అందేలా పెట్టింది. కుక్కలు రాకుండా బయట గొళ్లెం పెట్టి ట్రాక్టరెక్కింది. బడికి పోగానే ఎవరినైనా పంపించాలన్నదే దారంతా ఆమె ఆలోచన.

బడి వరండాలో ఆఫీసరు ఒకాయన పేర్లు రాసుకుంటున్నాడు.

"ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నరా అమ్మా? పడవ పోతంది. ఉంటే తీసుకొస్తరు."

చెప్పడానికే నోరు తెరిచింది.

"ఎవరూ లేరు సార్."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. దీవెన తలెత్తి, "నానమ్మ?" అంది. కృపారాణి పిల్ల తలను గట్టిగా భుజానికి అదుముకుంది.

"జరం సార్. ఏదో ఒకటి అంటది."

మధ్యాహ్నం కిచిడీ పెట్టారు. ఆమె ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. మూడింటికి వాగు కట్ట తెగిందన్నారు. రెండుసార్లు లేచి ఆఫీసరు కూర్చున్న బల్ల దాకా పోయి వచ్చింది. ఇప్పుడు చెబితే ఇందాక లేరన్నావేమని అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలి? వచ్చి మళ్లీ పిల్ల పక్కనే కూర్చుంది.

మర్నాటికి నీళ్లు తీశాయి. మోకాలి లోతు బురదలో పిల్లనెత్తుకుని ఇల్లు చేరింది. తలుపు తీసే ఉంది. గోడల మీద కిటికీ ఎత్తున మట్టిగీత. మంచం ఒక మూలన తలకిందులుగా పడుంది. ఇంట్లో ఎవరూ లేరు.

"ఓ పిల్లా! ఇటు రా, పైకి."

ఎదురుగా ధర్మేందర్ వాళ్ల డాబా మీద, మేకల మధ్య, టార్పాలిన్ కప్పుకుని ఈదమ్మ.

కృపారాణి మెట్లెక్కేసరికి చంద్రు కూడా వచ్చి తల్లి కాళ్ల దగ్గర ఉన్నాడు. తెల్లారగానే దారి దొరికి, కోదాడలో దిగి నడుచుకుంటూ వచ్చాడు. నీళ్లు మంచం అంచు తాకాక పెద్దమ్మ అరుపులు విని నీళ్లలో పడి పోయానని, గొళ్లెం తీసి ఎత్తుకొచ్చానని ధర్మేందర్ అతనికి చెబుతున్నాడు. చంద్రు లేచి పెళ్లాం మీద చెయ్యెత్తాడు.

"ఆగురా," అంది ఈదమ్మ. "కోడలు బడికాడ చెప్పిందంట. పడవోళ్లే జాగు చేసిన్రు. దాన్నేమనకు."

చంద్రు చెయ్యి దించాడు. కృపారాణికి దుఃఖం పొంగుకొచ్చి అత్త ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆ నోటి నుంచి తన గురించి వచ్చిన మొదటి మంచి మాట అది.

బురద ఎత్తిపోయడానికి చంద్రు కిందికి దిగాడు. ధర్మేందర్ మేకల్ని దించుతున్నాడు. ఈదమ్మ కోడలిని దగ్గరికి రమ్మంది.

"నిన్న పొద్దూకేటాల్ల పడవ ఈడికే వచ్చింది. గా ఇంట్ల ఎవరూ లేరని కోడలే రాయించిందన్నడు, అండ్ల ఉన్న సారు. ధర్మేందర్ ఆ మూలకు మేకల కాడుండె, ఇన్లె."

కృపారాణి ఏడుపు ఆగిపోయింది.

"ఎక్కమన్నరు. ఎక్కలె. నువ్వొచ్చి నన్ను సూడాలె గదా." ఈదమ్మ గొంతు పెంచలేదు. "వానికి చెప్ప. బుగులుపడకు. నేను బతికున్నన్ని దినాలు చెప్ప. నువ్వు మంచిగుండు, చాలు."

"అత్తా, నేను..."

"ఏడ్వకు. పిల్ల సూస్తంది."

కింద నుంచి చంద్రు కేకేశాడు, అమ్మను దించుదాం ఒక చెయ్యి వెయ్యమని. కృపారాణి వంగి అత్త చంకల కింద చేతులు వేసింది. ఈదమ్మ కుడిచెయ్యి కోడలి మెడ చుట్టూ బిగుసుకుంది.

"గట్టిగ పట్టుకో పిల్లా," అంది.