నలంచి పిల్లల బారసాల

నేనొక చెక్కపెట్టెను. పైన మూత, మూతకో గడియ, ముందువైపు పిట్ట దూరేంత బెజ్జం, అంతే నా సొగసు. అయినా నాకూ పగ ఉంది. తీర్చుకున్నాను కూడా, వినండి.

పాత తలుపు కోసి నన్ను చేసినవాడు తణుకు వడ్రంగి సింహాద్రి. "గడియ మర్చిపోకండి బాబుగారూ, కాకులు ఊరుకోవండి" అని మరీ మరీ చెప్పి నన్ను భుజంగరావు చేతిలో పెట్టాడు. ఈయన సర్వే శాఖలో రిటైరయ్యాడు. కొలవడానికి పొలాలు లేక పిట్టల మీద పడ్డాడు. పెరట్లో జామచెట్టుకు నన్ను బిగించి, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చున్నాడు.

చైత్రంలో నలంచి పిట్టల జంట వచ్చింది. నలుపూ తెలుపూ ఒళ్లు, నిక్కపొడిచిన తోక, తెల్లారగానే పాట. ఆడపిట్ట నాలో పీచు పరిచి మూడు గుడ్లు పెట్టింది. ఆ వెచ్చదనం తగిలాకగానీ నేనెందుకు పుట్టానో నాకు తెలియలేదు. పిల్లలు బయటపడ్డాక ఇక భుజంగరావును పట్టేవాళ్లు లేరు. గంటకోసారి మూత ఎత్తడం, "ఒంటిగంటా పది, నోరు తెరిచింది" అని రాసుకోవడం. ఆయన భార్య సత్యవాణి ఊరుకోలేకపోయింది.

"బాలింత గదిలోకి గంటకోసారి తొంగిచూస్తారా అండీ ఎవరైనా? చోద్యం కాకపోతే!"

ఆయన వినలేదు సరికదా, పదకొండో రోజున పిల్లలకు బారసాల అంటూ వీధంతా పిలిచాడు.

వచ్చారండీ జనం! బూరెలు తిన్న చేతులతోనే ఒక్కొక్కరూ నా మూత ఎత్తారు, పేర్లు పెట్టారు, ముద్దు చేశారు. తల్లి నోట పురుగుతో గోడమీద అల్లాడిపోతుంటే, "మనల్ని దీవిస్తోంది" అన్నాడీ మహానుభావుడు. ఎంగిలాకులు చెట్టుకిందే పడేశారు. ఆఖరున భుజంగరావు నా మూత తెరిచే వదిలేశాడు. అందరూ లోపలికి పోయి ఫ్యాను కింద నడుం వాల్చారు. ఆకుల కోసం వచ్చిన కాకులు తలెత్తి నన్ను చూశాయి. రెక్కలు ముదరని ఆ ముగ్గురినీ నా కళ్లముందే ఎత్తుకుపోయాయి. నేను చెక్కను, ఏం చెయ్యను?

సాయంత్రం భుజంగరావు వచ్చి ఖాళీ గూడు చూశాడు. అటూ ఇటూ చూసి, మెల్లగా గడియ వేశాడు. "ఎగిరిపోయాయండీ, దగ్గరుండి చూశాను!" అని వీధికంతా చాటాడు. మరపునైనా క్షమించేదాన్నేమో, ఆ అబద్ధానికి నా ఒళ్లు మండిపోయింది. నీ సంగతి చూస్తానురా అనుకున్నాను.

వానల్లో కందిరీగలు చోటు వెతుక్కుంటూ వచ్చాయి. రండి తల్లీ, మీ ఇల్లే అనుకోండి అన్నాను. మళ్లీ చైత్రం వచ్చింది. ఏడాదిగా నావైపు రాని భుజంగరావు, పిట్ట వచ్చిందో లేదో చూడకుండానే మళ్లీ నలుగురినీ పోగేసి, "ఈసారి నాలుగు పిల్లలుంటాయి చూడండి" అంటూ మూత ఎత్తి చెయ్యి పెట్టాడు.

అబ్బ, నాకెంత హాయిగా ఉందో! కందిరీగలు కుట్టి ఆయన మొహం బూరెలా పొంగింది. సత్యవాణి సున్నం రాస్తూ అందరి ముందే అడిగింది.

"నిజం చెప్పండి, పోయినేడు పిల్లలు ఎగిరిపోయాయా?"

"కాకులు పట్టుకుపోయాయే వాణీ. నేనే మూత మరిచాను" అని ఆయన బావురుమన్నాడు.

నా కడుపు చల్లబడింది. మర్నాడు పొద్దున్నే నలంచి వచ్చింది. అదే తల్లి, ముక్కున గడ్డిపరక. బెజ్జం అంచున వాలి లోపలికి చూసింది. లోపల రొద. పరక జారవిడిచి వెళ్లిపోయింది. పొండి, దాని ఇల్లు దానికివ్వండి అని కందిరీగలను ఎంత బతిమాలానో! ఒక్కటీ కదల్లేదు.