గేటు వెంకటముని కొన్న టికెట్టు

మార్నింగ్ షో ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా వెంకటముని లేచి, బయటికి పోయే తలుపుల గడియలు తీయసాగాడు. జనం తోసుకోకుండా బయటపడాలంటే అదే పద్ధతి. చిత్తూరులో ఆ పాత థియేటరుకు ముప్పైరెండేళ్ళుగా గేటు మనిషి ఆయనే. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క సినిమాకీ ముగింపు చూసి ఎరగడు. ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, ఆయన మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు.

చిక్కంతా ఈ సినిమాతోనే వచ్చింది. ఊరి పెద్దమనిషి హత్య. అనుమానం పలక, అంటే డప్పు, కొట్టే మనిషి మీద. ఐరాల దగ్గర వెంకటముని పుట్టిందీ పలక కొట్టేవాళ్ళ ఇంట్లోనే. తెర మీద తనవాళ్ళను చాలామందినే చూశాడు: తాగి తూలేవాళ్ళు, దొర కాళ్ళ మీద పడేవాళ్ళు, మొదటి పావుగంటలోనే చచ్చేవాళ్ళు. ఈ పలకాయన ఎస్సై ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆధారం ఉండాదా సార్, మా వాడ పేరే సాలా?" అని అడిగాడు. వెంకటమునికి ఒళ్ళు జలదరించింది.

చివరికి ఆ మనిషినే హంతకుణ్ణి చేసేస్తారేమోనని మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటే, అడగడు. గేటు దగ్గర సినిమా గుట్టు విప్పబోయినవాళ్ళ నోళ్ళన్నీ మూయించిన మనిషి, తన నియమం తానే తప్పుతాడా! ఆట విడిచాక జనం మాటలు చెవిన పడకుండా స్కూటర్ల స్టాండు వైపు పారిపోయేవాడు. పొద్దున భార్య తిరుమలమ్మ క్యారియరు అందిస్తూ, మనోడే చంపినాడా అని అడిగింది. చూసొచ్చి చెబుతానన్నాడు. భుజం లాగుతోందంటే ఆసుపత్రికి పొమ్మంది. రేపు పోతానన్నాడు.

మ్యాట్నీకి తలుపులు తాను తీస్తానని ఆపరేటరు ధనంజయ ముందుకొచ్చాడు. ఊరికే కూర్చోమన్నా వినక వెంకటముని బాల్కనీ టికెట్టు కొన్నాడు. అందరూ లోపలికి పోయాక తన టికెట్టు తానే చించాడు. సగం గేటు దగ్గరి రేకు డబ్బాలో వేసి, సగం పట్టుకుని మెట్లెక్కాడు. అంతటి నిష్ఠాపరుణ్ణి నేనింకా చూడలేదు.

హంతకుడు పెద్దమనిషి సొంత బావమరిదే. పలకాయన స్టేషను బయటికొచ్చి, ఆ గుమ్మం ముందే పలక అందుకున్నాడు. హాలంతా ఈలలు.

ఆట విడిచాక ధనంజయ పైకొస్తే వెంకటముని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ముప్పైరెండేళ్ళ నియమం అప్పుడు తప్పాడు.

"మనోడు కాదప్పా," అన్నాడు. "తిరుమలమ్మకు ఫోన్ చేసి సెప్పు. నేను రొంతసేపు కూసుంటా."

ధనంజయ వరండాలోకి పోయి ఫోన్లో ఆ మాట చెప్పాడు. తిరుమలమ్మ నవ్వింది. తిరిగొచ్చేసరికి వెంకటముని తల పక్కకు వాలి ఉంది. ఎంత పిలిచినా లేవలేదు.

ఆ రోజు ఫస్టు షో ఆడలేదు. గేటు దగ్గర రేకు డబ్బాలో అన్నిటికన్నా పైన బాల్కనీ టికెట్టు సగం ఒకటి ఉంది, అంచు ఎక్కడా వంకరపోకుండా చించింది.