రొయ్య బొమ్మ కింద నాలుగో చెరువు

నేను ఒక ఫ్లెక్సును. అలాగని సెంటర్లో అందరికీ దండం పెడుతూ నిలబడే రకం అనుకునేరు! భీమవరంలో ఒకే చుట్టలోంచి నన్నూ నా తోబుట్టువులనూ కోశారు. ఒకడు ఎవరో నాయకుడి పుట్టినరోజుకు వెళ్ళాడు, ఇంకొకడు ఓణీల ఫంక్షన్‌కు. నన్ను మాత్రం సైన్సు సదస్సులో పెట్టే పోస్టరుగా అచ్చేశారు. ఆ మిడిసిపాటు నాకు ఒక్క పూట కూడా నిలవలేదు.

నన్ను రాసుకున్నది కృపామణి, కాలేజీలో రొయ్యల మీద పరిశోధన చేసే పిల్ల. మేతలో జామాకు కషాయం కలిపితే రొయ్యల తెగులు తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. నాలుగు చెరువుల్లో వేసి చూసింది. మూడింట్లో రొయ్యలు బతికాయి. నాలుగోది ఆమె బాబాయి ఏసుపాదం కౌలుకు చేసే చెరువు. అందులో తుడిచిపెట్టుకుపోయాయి. రైతులెవరూ ముందుకు రాని రోజుల్లో "మా పిల్ల చదువుక్కాకపోతే ఇంకెందుకండీ" అని మొదట చెరువిచ్చింది ఆయనే.

కృపామణి నా మీద నాలుగు చెరువులకూ బతికిన రొయ్యల లెక్క చూపే నాలుగు పట్టీలు గీయించి, ఒక్కోదాని కింద ఆ రైతు పేరు వేయించింది. మూడు పట్టీలు నిటారుగా నిలబడ్డాయి, ఏసుపాదంది నేలకు అంటుకుపోయింది. నా నెత్తిన మాత్రం పరిశోధకుల పేర్లు బారుగా ఉన్నాయి. జన్మలో చెరువుగట్టు ఎక్కని శాఖాధిపతి పేరు రెండోది. అది వాళ్ళ ఆనవాయితీ, మనకెందుకు!

గైడు పేర్రాజుగారు నన్ను బల్ల మీద పరిచి మొహం చిట్లించారు. "ఇదేంటమ్మా, పెళ్ళి ఫొటోలో ఏడుపు మొహంలాగ? ఆ నాలుగోది తీసెయ్."

"అదీ వచ్చిన ఫలితమే కదండీ సార్."

"నేను అబద్ధం చెప్పమన్నానా? ఊరుకోమన్నాను. మొదటి బహుమతొస్తే నీ ఫెలోషిప్పు పొడిగిస్తారు. లేదంటే ఇంటికెళ్ళాలి. నీ ఇష్టం."

మళ్ళీ అచ్చేయించే వ్యవధి లేదు. తప్పుపడ్డ ఫ్లెక్సులకు షాపువాళ్ళు చేసే వైద్యమే నాకూ చేశారు. ఏసుపాదం పట్టీ మీద, పేరుతో సహా, నిగనిగలాడే రొయ్య బొమ్మ స్టిక్కరు వేశారు. అది ఊడకుండా బొటనవేలితో రుద్ది రుద్ది అంటించింది కృపామణే. సిగ్గుతో చచ్చిపోయాను.

సదస్సుకు విశాఖపట్నం వెళ్ళేదాకా నన్ను గోడకు ఆనించి, నా ఎదుట నిలబడి ఉపన్యాసం బట్టీపట్టింది. "మూడు చెరువుల్లో" అనేచోట ప్రతిసారీ నోట నాలుగనే వచ్చేది. నాలుక్కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టేది. సదస్సులో బహుమతులు నిర్ణయించే పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని నన్ను చూసి, "మూడు చెరువుల్లోనే చేశావా అమ్మా?" అని అడిగింది. కృపామణి రొయ్య బొమ్మకు భుజం అడ్డం పెట్టి, "అవునండీ" అంది. మొదటి బహుమతి వచ్చింది. ఫొటోలో పేర్రాజుగారు మధ్యన నిలబడి నవ్వారు. మనుషులైతే తల దించుకోవచ్చు. నాకా వీలు కూడా లేదు.

ఊరికి తీసుకెళ్ళినప్పుడు ఏసుపాదం నన్ను పైనించి కిందిదాకా వెతికాడు. ఇంగ్లీషు రాకపోయినా ఓటరు కార్డు మీద చూసి చూసి తన పేరు గుర్తుపడతాడు.

"మన చెరువు పేరు కనపడదేంటమ్మాయ్?"

"చోటు చాల్లేదు బాబాయ్."

"పోనీలే, బహుమతొచ్చింది, అదే చాలు." ఆమెను అడిగి నన్ను పుచ్చుకుని, పదిమందీ చూడాలని అచ్చు పైకి పెట్టి, గట్టు మీద మేత బస్తాలకు కప్పాడు.

ముసురు పట్టింది. తడికి స్టిక్కరు ఉబ్బి, అంచులు లేచి, ఒక పొద్దున రొయ్య కాస్తా జారి బురదలో పడింది. మేత తీయడానికొచ్చిన ఏసుపాదం అలాగే నిలబడిపోయాడు. తన పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడుముకున్నాడు.

కబురందుకుని కృపామణి వచ్చింది. ఆయన కోప్పడితే బాగుండేది.

"చోటుందే అమ్మాయ్," అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. "బహుమతి రాదేమోనని, బాబాయ్..."

"నా రొయ్యలు ఎలాగూ పోయాయి. పోయాయని చెప్పడానికైనా పనికొస్తాయనుకున్నానే." పక్క గట్టు వైపు చూపించి అడిగాడు: "నీ బహుమతి చూసి పక్క చెరువు బుల్లియ్య జామాకు బస్తాలు దింపాడు. రేపు కలుపుతాడంట. కలపమనేదా, వద్దనేదా?"

"వద్దు బాబాయ్. మనదీ బుల్లియ్యదీ, రెండు చెరువుల్లోనూ ఉప్పెక్కువ. ఉప్పు నీళ్ళలో అది పనిచెయ్యదు." ఆ మాట ఆమెకు నన్ను అచ్చేయించకముందే తెలుసు. "నేనే చెప్తాను."

బస్తాల మీద నుంచి నన్ను లాగి, చంకలో పెట్టుకుని గట్టు వెంట నడిచింది. బుల్లియ్య ముందు నన్ను నేల మీద పరిచి, పొట్టి పట్టీ చూపించి, విశాఖలో చెప్పనిదంతా చెప్పింది. ఈసారి నాలుగంటే నాలుగే అంది.

బుల్లియ్య అంతా విని, జామాకు బస్తాల వైపు చూసి, "మరైతే బహుమానం ఎందుకిచ్చారమ్మా?" అన్నాడు.

"ఇది వాళ్ళకి కనపడలేదండీ. నేనే కప్పేశాను."

పేర్రాజుగారితో ఆ తర్వాత ఏమందో నాకు తెలియదు. నేను మళ్ళీ మేత బస్తాల మీదే ఉన్నాను, నాలుగు చెరువులతో. రొయ్య బొమ్మ ఊడినచోట బంక మాత్రం పోలేదు. గట్టు మీద దుమ్మంతా వచ్చి అక్కడే అంటుకుంటోంది.