ఎఫ్ కింద నా సంతకం

ఎనిమిదేళ్లుగా నేను ఇళ్లు కొలుస్తున్నాను. గోడ మందం, కిటికీ అద్దం, తలుపు కింద సందు, ఏసీ వయసు, అన్నీ నేనే చూసి రాస్తాను. ఆ ఇల్లు కరెంటును పొదుపుగా వాడుతోందో దుబారా చేస్తోందో తేల్చి, ఏ నుంచి జి దాకా ఒక గ్రేడు ఇస్తాం, ఏ అన్నిటికన్నా మేలు, జి అధ్వానం. రిపోర్టు కింద సంతకం మాత్రం గుర్తింపు పత్రం ఉన్నవాళ్లది. ఎండలో నిచ్చెన ఎక్కేది నేను, నీడలో కూర్చుని పెన్ను తీసేది వాళ్లు. చూస్తే ఒళ్లు మండిపోయేది. ఆ పత్రం కోసం రెండుసార్లు పరీక్షకు వెళ్లి రెండుసార్లూ తప్పాను. ఇది మూడోది, ఆఖరుది. ఇదీ పోతే శిక్షణ మళ్లీ ఓనమాల నుంచి మొదలు.

పోయినసారి ఎలా తప్పానో చెబితే నవ్వుతారు. ఇంటాయన "పైన వేడి దిగకుండా గాజుదూది పరిపించానమ్మా" అన్నాడు. పెద్దమనిషి కదా అని రాసేశాను. ఫొటో ఏదీ అని పరీక్షించేవాళ్లు అడిగితే నోరు వెళ్లబెట్టాను. మా పనిలో కంటితో చూడనిది, కాగితం లేనిది, లేనట్టే లెక్క.

పరీక్ష రోజు మా ఆయన బండి మీద దింపాడు.

"కంగారు పడకు. ఇంట్లో నా తప్పులు పడతావు చూడు, అలాగే ఆ ఇంటివీ పట్టు. చాలు."

నవ్వి బండి దిగాను.

నాకిచ్చింది రేకుల కప్పు ఉన్న రెండు గదుల ఇల్లు. వెంట పరీక్షించే మేడమ్. చేతిలో అట్ట, ముఖంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. ఫారం మొదటి పేజీలో "ఈ భవనంతో మీకేదైనా సంబంధం ఉందా?" అని ఉంటే, లేదని టిక్కు పెట్టి పనిలో పడ్డాను. గంటన్నరలో గోడలూ కిటికీలూ అయిపోయాయి. నిచ్చెన వేసుకుని, సీలింగు పలక జరిపి టార్చి కొట్టాను. గాజుదూది ఎంత ముచ్చటగా పరిచారో! ఒక్క మూల కూడా వదల్లేదు. పక్కన దూలం మీద పెన్సిల్‌తో కొలతలు వేసి ఉన్నాయి. వాటిలో ఏడు అంకెకు నడుం దగ్గర అడ్డగీత.

ఏడుకు అలా నడికట్టు కట్టేది నేను. ఈ కొలతల పనిలోకి రాకముందు సీలింగు పనికి వెళ్లేదాన్ని. ఆ దూది పరిచిన చేతులు ఇవే. తర్వాత రంగు మార్చి ముందు వరండా కట్టారు, అందుకే ఇల్లు గుర్తుపట్టలేదు.

ఫొటో తీసి దిగిపోతే గట్టెక్కినట్టే. ఎవరికి తెలుస్తుంది? కానీ మన పనికి మనమే మార్కులు వేసుకోకూడదన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. నన్ను నేను తిట్టుకుంటూ నిచ్చెన దిగాను.

"మేడమ్, లేదని టిక్కు పెట్టాను గానీ అది తప్పు. పైన దూది పరిచింది నేనే."

ఆవిడ నా వంకా, సీలింగు వంకా చూసింది. "అయితే ఈ ఇల్లు మీకు పనికిరాదమ్మా. ఇవాళ నా దగ్గర ఇంకో ఇల్లు లేదు. టైమేమో నాలుగున్నర వరకే."

ఏడుపు రాబోయింది. దానికన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపంలో నోరు జారాను.

"మీ ఆఫీసు ఉందిగా మేడమ్!"

"ఏ ఆఫీసు?"

"మాకు గుర్తింపు ఇచ్చే ఆఫీసే. దానికి గ్రేడు ఎంతో గోడ మీద నేనెప్పుడూ చూళ్లేదు. అక్కడ రెండుసార్లు ఫెయిలవడం తప్ప దానితో నాకే సంబంధమూ లేదు."

ఆవిడకు నవ్వు రాబోయి ఆగింది. పక్కకు వెళ్లి ఆ ఆఫీసు పెద్దసారుకు ఫోన్ చేసి వచ్చింది. "పదండి" అంది.

ఆఫీసులో ఆ రెండున్నర గంటలూ నా కాలు నేల మీద నిలవలేదు. కిటికీలన్నీ ఒంటి అద్దాలు. తలుపు కింద సందులోంచి నా రాత అట్ట అటు నుంచి ఇటు హాయిగా దూరిపోయింది. ఏసీ తయారైన సంవత్సరం చదివి, ఇంకా తిరుగుతున్నందుకు దానికి దణ్ణం పెట్టాలనిపించింది. ఒక్కో లోపం దొరుకుతుంటే ఈల వేయాలన్నంత హుషారు!

నిచ్చెనతో పెద్దసారు గదిలోకి వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు.

"పైకెందుకమ్మా శ్రమ? పోయినేడాదే దూది పరిపించాం. రాసేసుకోండి."

అదే మాట! పోయినసారి నన్ను ముంచిన మాట. ఈసారి అంటున్నది నా పత్రం మీద ముద్ర వేయాల్సిన మనిషి.

"ఫొటో ఉందా సార్?"

"ఫొటో తీయలేదు."

"పోనీ బిల్లు?"

"ఎక్కడో ఉండాలి."

"అయితే ఎక్కుతాను సార్."

పలక జరిపాను. వైర్లు, బెత్తెడు దుమ్ము, పనివాళ్లెవరో మరిచిపోయిన ఎడమకాలి చెప్పు. దూది పోగు కూడా లేదు. చెప్పుతో సహా ఫొటో తీసి కిందికి చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది. "పరిచానన్నాడే!" అన్నారు. పాపం, నాలాగే నమ్మేశారు.

దూది ఉందని రాస్తే డి వచ్చేది. ఎఫ్ వచ్చింది. నాలుగూ ఇరవైకి కాగితాలిచ్చాను. మేడమ్ ఒక్కో ఫొటోనూ నిదానంగా చూసి పెద్దసారుకు అందించింది. ఆయన ఎఫ్ దగ్గర ఆగిపోయారు.

"నేను చెప్పినా రాయలేదేం?"

"నేను చూడలేదు కాబట్టి సార్."

ఆయన కాగితాలు మేడమ్‌కు తిరిగిచ్చేశారు. ఆవిడ అట్ట మీద ఏదో రాసి, మొదటిసారి నవ్వింది. "పాసయ్యారు. ఇక ఇంటికెళ్లి నీళ్లు తాగండి."

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆఫీసుకు రమ్మంటే వచ్చి కింద కాచుకున్న మా ఆయనకు నన్ను చూడగానే అర్థమైపోయి, నడిరోడ్డు మీదే హారన్ మోగించాడు.

మూడు వారాలకు పత్రం వచ్చింది. దానికి జతగా ఆ ఆఫీసు రిపోర్టు కూడా పంపారు. "మీ పత్రం నంబరు వేసి సంతకం చేయండి, గోడకు పెడతాం" అని మేడమ్ చీటీ. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన సంతకం. రెండుసార్లు తెల్లకాగితం మీద సాధన చేసి మరీ పెట్టాను.

మొన్న మా ఆయన, నేను చూడ్డానికి వెళ్లాం. గుమ్మం పక్కనే అద్దం బిగించి పెట్టారు. పరీక్షకు వచ్చినవాళ్లు లోపలికి వెళ్లే ముందు ఆగి, ఎఫ్ చూసి నోళ్లు నొక్కుకుంటున్నారు. ఒకావిడ సంతకం మీద వేలు పెట్టి, "ఇంత ధైర్యం ఎవరిదండీ?" అని మమ్మల్నే అడిగింది.

మా ఆయన నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. ఆ జవాబు నేనే చెప్పాలి.

"నాదేనండీ" అన్నాను.